ఒక ఊపిరి తేడా

సూర్యకళ పుట్టిన పదకొండో రోజున జాతకం రాయడానికి వచ్చిన సిద్ధాంతిగారు, అంతా రాసేసి, కలం మూత పెట్టబోతూ ఆగి, "పిల్లకి జలగండం ఉందమ్మా. నీళ్ల దగ్గర కాస్త చూసుకోండి" అన్నారు. ఎన్నేళ్లు చూసుకోవాలో ఆయన చెప్పలేదు. తల్లి శ్యామలాంబ అడగనూ లేదు. అందుకని ఆవిడ చూసుకుంటూనే ఉండిపోయింది.

గోదావరి డెల్టాలో ఒక పిల్లను నీళ్లకు దూరంగా పెంచడం మాటలు కాదు. మండపేటలో ఎటు నడిచినా నీళ్లే. వీధి చివర కాలువ, కాలువ దాటితే చేలు, చేలల్లో మళ్లీ నీళ్లు, వానాకాలమైతే గుమ్మం ముందే నీళ్లు. తోటి పిల్లలు వేసవి సెలవుల్లో అరటిబోదెను కౌగిలించుకుని కాలువలో ఈత నేర్చుకుంటుంటే సూర్యకళ వంతెన మీద నిలబడి చూసేది. అదైనా తల్లి చెయ్యి పట్టుకునే. పుష్కరాలకు వీధి వీధంతా రాజమండ్రి వెళ్లి మునిగి వస్తే, వాళ్లింట్లో మాత్రం ఎవరి చేతనో చెంబుడు నీళ్లు తెప్పించుకుని నెత్తిన చల్లుకునేవారు. శ్యామలాంబ కూడా ఆ చుక్కలతోనే సరిపెట్టుకునేది. "పిల్లకి లేని మునక నాకెందుకు?" అనేది ఎవరైనా అడిగితే.

అయితే కలలకు ఎవరూ కాపలా కాయలేరు. సూర్యకళకు చిన్నప్పటి నుంచీ ఒకే కల వచ్చేది. ఒడ్డు కనపడనంత వెడల్పు నీళ్లు. తను వాటి మీద వెల్లకిలా పడుకుని ఉంటుంది. కింద ఎవరో అరచేతులు ఆనించి పట్టుకున్నట్టు హాయిగా ఉంటుంది. పైన ఆకాశం కదులుతోందో, తనే కదులుతోందో తెలియదు. భయమన్న మాటే ఉండదు. మెలకువ వచ్చాక మాత్రం పక్కన ఉన్న నీళ్ల మరచెంబును చూసినా గుండె ఒకసారి గతుక్కుమనేది.

అలాంటి మనిషికి నలభయ్యో పడిలో, మొన్నటి వేసవి బదిలీల్లో, మొగలిలంక హైస్కూల్లో ఫిజిక్స్ టీచరుగా పోస్టింగు వచ్చింది. కోటిపల్లికి కొంచెం ఎగువన గౌతమి మధ్యలో ఉందా లంక. లిస్టులో పేరు చూసినప్పుడు ఆమె పెద్దగా పట్టించుకోలేదు. ఆ వైపు సగం ఊళ్ల పేర్ల చివర లంక ఉంటుంది, బస్సులు తిరుగుతూనే ఉంటాయి కదా అనుకుంది. రైసుమిల్లులో సూపర్‌వైజరుగా చేసే భర్త హరిబాబు ఫోన్లో మ్యాపు తెరిచి, వేళ్లతో పెద్దది చేసి, చాలాసేపు చూశాడు.

"రోడ్డు లేదు కళా. చుట్టూ నీళ్లే" అన్నాడు చివరికి.

వంటింట్లో గరిట కింద పడిన చప్పుడు వినిపించింది. తండ్రి పోయాక తల్లి వాళ్లింట్లోనే ఉంటోంది.

అలా మొదలైంది. హరిబాబు ఆన్‌లైన్లో కమలాపండు రంగు లైఫ్ జాకెట్టు ఒకటి తెప్పించాడు. సూర్యకళ స్కూటీ మీద రేవుకు వచ్చి, అక్కడే దాన్ని తొడుక్కుని, బకిల్స్ రెండుసార్లు లాగి చూసుకుని, పడవ నడిపే అబ్బులు చెయ్యి పట్టుకుని ఎక్కి, నట్టనడిమి బల్ల మీద కళ్లు మూసుకుని కూర్చునేది. లంక మీద దిగి బడి దాకా ఆ జాకెట్టుతోనే నడిచేది. విప్పడం స్టాఫ్‌రూములోకి వెళ్లాకే. నెల తిరగకుండానే పిల్లలు ఆమెకు కమలాపండు మేడం అని పేరు పెట్టేశారు. ఆ పేరు ఆమె చెవిన పడింది కూడా. కోపం రాలేదు.

"కళ్లు తెరిచి చూడండి మేడమ్‌గారూ, ఎంత బాగుంటదో! మంచులో గోదారి చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారండి, ఆయ్!" అనేవాడు అబ్బులు.

"మీరు దింపేశాక చూస్తానండి" అనేది ఆమె కళ్లు తెరవకుండానే.

దిగగానే ఫోన్ మోగేది. తల్లి. "దాటావా?" అనే ఒక్క మాట. "దాటానమ్మా" అనగానే పెట్టేసేది.

వరదలు వచ్చాయి. నది ఎర్రగా, గట్లు ఒరుసుకుంటూ పారింది. బడికి సెలవులిచ్చారు. మళ్లీ తీశారు. దసరా వెళ్లి, చలి వచ్చి, గౌతమి నెమ్మదించి, నీళ్లు పచ్చని గాజురంగుకు తిరిగాయి. పొద్దున్నే నది మీద మంచు ఎంత దట్టంగా పట్టేదంటే, పడవ నీటి మీద పోతోందో, తెల్లటి గాలిలో పోతోందో తెలిసేది కాదు. అప్పటికి సూర్యకళ ఒక కన్ను తెరవడం నేర్చుకుంది.

ఆ రోజుల్లోనే తొమ్మిదో తరగతికి సాంద్రత పాఠం వచ్చింది.

ఆ పాఠం ఆమె ఎన్నోసార్లు చెప్పింది. ఒక గాజు గ్లాసులో మామూలు నీళ్లు, ఇంకోదానిలో ఉప్పు కలిపిన నీళ్లు పోసి రెండింటిలోనూ గుడ్డు వేసింది. మొదటి గ్లాసులో గుడ్డు మునిగింది, రెండోదానిలో తేలింది. గుడ్డును తూచారు. యాభై అయిదు గ్రాములు. కొలజాడీలో ముంచి నీళ్లు ఎంత పైకి లేచాయో చూశారు. యాభై మిల్లీలీటర్లు. యాభై అయిదును యాభైతో భాగిస్తే ఒకటి పాయింటు ఒకటి.

"ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత. నీటిది ఒకటి. ఒకటి కంటే ఎక్కువైతే మునుగుతుంది, తక్కువైతే తేలుతుంది" అంది సూర్యకళ. "వస్తువు ఎంత బరువుందనేది కాదు, ఆ బరువు ఎంత చోటులో సర్దుకుందనేది ముఖ్యం. ఇంత పెద్ద పడవ తేలుతుంది, అంత చిన్న గులకరాయి మునుగుతుంది. అందుకే."

మూడో బెంచీలో హారతి చెయ్యెత్తింది. చేపలు పట్టే ఇంటి పిల్ల. ఏ పాఠమైనా చివరిదాకా విని, అప్పుడు అడిగే రకం.

"మేడం, మనుషుల సాంద్రత ఎంత మేడం?"

"దాదాపు నీటంతే ఉంటుంది."

"దాదాపు అంటే అటా, ఇటా మేడం?"

క్లాసు గొల్లుమంది. సూర్యకళ నవ్వలేదు. ఇన్నేళ్లుగా పాఠం చెబుతూ, గుడ్లూ నిమ్మకాయలూ మేకులూ కొలిపిస్తూ, ఆ ప్రశ్న తనకు తాను ఎప్పుడూ వేసుకోలేదు. ఒకటికి అటువైపా, ఇటువైపా? సుద్దముక్క చేతిలో అలాగే ఉండిపోయింది. కిటికీలోంచి నది కనిపిస్తోంది. ఎండ పడి వెలుగుతోంది.

"మనిషి మనిషికీ మారుతుంది. కొలవాలి" అంది.

"మిమ్మల్ని కొలుద్దామా మేడం?"

ఈసారి క్లాసు నవ్వలేదు. అందరూ ఆమె వంకే చూశారు.

ఆ సాయంత్రం రేవులో హారతి తల్లి లోవలక్ష్మి చేపల బుట్ట దించి, కొంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వింది. "మా పిల్ల ఏదో అంటందండి మేడమ్‌గారూ. మిమ్మల్ని డ్రమ్ములో కొలవాలంట! నిజమేనాండీ?"

సూర్యకళకు కాదనాలనిపించింది. నోటి వెంట మాత్రం, "మీ ఇంట్లో డ్రమ్ము ఉందా అండీ?" అన్న మాట వచ్చింది.

ఉంది. పెరట్లో తాటాకు దడి చాటున, మనిషి ఛాతీ ఎత్తున్న నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. శనివారం మధ్యాహ్నం బడి వదిలాక సూర్యకళ వెళ్లింది. ముందే బడిలో పిల్లల బరువు చూసే మిషను మీద నిలబడితే అరవై రెండు కిలోలని చూపించింది. ద్రవ్యరాశి తెలిసింది. మిగిలింది ఘనపరిమాణం. లోవలక్ష్మి, హారతి కలిసి డ్రమ్మును అంచు దాకా నింపారు. ఇంకో చుక్క వేస్తే పొర్లిపోయేంత నిండుగా. అందులో దిగితే తన శరీరమంత నీరు బయటికి పోతుంది. పైకి లేచాక, మళ్లీ అంచు దాకా నిండడానికి ఎన్ని లీటర్లు పడతాయో పోసి లెక్కపెడితే అదే తన ఘనపరిమాణం. బడి నుంచి తెచ్చిన లీటరు కొలజాడీ హారతి చేతిలో ఉంది.

లోవలక్ష్మి నైటీ ఒకటి తొడుక్కుని, స్టూలు ఎక్కి, డ్రమ్ము అంచు పట్టుకుని సూర్యకళ ఒక కాలు పెట్టింది. నీళ్లు చల్లగా పిక్కల మీదికి పాకాయి. రెండో కాలు పెట్టింది. మోకాళ్లు మడిచింది. నడుము, పొట్ట, ఛాతీ. గుడ్డలో ఇరుక్కున్న గాలిని లోవలక్ష్మి అరచేత్తో నొక్కి వదిలించింది. నీళ్లు బళబళా పొర్లి పెరటి ఇసకలో ఇంకిపోయాయి. మెడ దాకా వచ్చాక సూర్యకళ ఆగిపోయింది.

"చాలు. చాలండీ" అంది.

బయటికి వచ్చి, తువాలు చుట్టుకుని కూర్చుంది. హారతి జాడీలు పోస్తూ గట్టిగా లెక్కపెట్టింది. యాభై ఏడు దగ్గర నీళ్లు అంచుకు తగిలాయి. సూర్యకళ ఫోన్లో భాగహారం చేసింది. ఒకటి పాయింటు సున్నా తొమ్మిది.

ఒకటి కంటే ఎక్కువ. గుడ్డులాగే.

హారతి తన తప్పేమో అన్నట్టు నేల చూపులు చూసింది. సూర్యకళ నవ్వడానికి ప్రయత్నించింది. కానీ లోపల ఏదో ఒకటి మెల్లగా అడుక్కి దిగిపోతున్నట్టుంది. అయితే సిద్ధాంతిగారు చెప్పింది నిజమే అన్నమాట. తను మునిగే పదార్థంతోనే పుట్టింది.

పడవలో తిరిగి వెళ్తుంటే ఎండ పలచబడింది. ఆ రోజు ఆమె కళ్లు మూసుకోలేదు. భయపడే ఓపిక కూడా లేదు. లంక చివర ఎవరివో గేదెలు నీళ్లలో పడి ఉన్నాయి. ఒళ్లు ఎక్కడా కనపడదు, తలలు మాత్రం నీటి మీద వరసగా పెట్టినట్టున్నాయి. బరువంతా నీళ్లలో, తల మాత్రం బయట. వాటినే చూస్తూ చూస్తూ సూర్యకళ గబుక్కున లేచి నిలబడింది.

"కూర్చోండి మేడమ్‌గారూ! పడవండీ!" అని అరిచాడు అబ్బులు.

"నా తల!" అంది ఆమె. "తల బయటే ఉండిపోయిందండీ!"

అబ్బులు ఏమీ అర్థంకాక ఆమె తల వంక పరీక్షగా చూశాడు. సూర్యకళ కూర్చుని ఒంటరిగా పకపకా నవ్వింది. బరువేమో మొత్తం మనిషిది వేసింది, చోటేమో తల లేని మనిషిది కొలిచింది. ఏ పిల్లైనా పరీక్షలో అలా రాస్తే సున్నా పెట్టేది. నది మధ్యలో పడవ ఊగుతోంది. తను కళ్లు తెరుచుకుని, అంచు మీద చెయ్యి వేసి నవ్వుతోంది. ఆ సంగతి ఆమెకు ఒడ్డు చేరాక గాని తెలియలేదు.

తర్వాతి శనివారం ఆమె మళ్లీ ఆ నీలం డ్రమ్ములో మెడ దాకా కూర్చుని ఉంది. ఇప్పుడు తల ముంచాలి. పుట్టి ఇన్నేళ్లయినా ఆమె తల ఎన్నడూ నీటి కిందికి వెళ్లలేదు. తలంటు కూడా చెంబుతోనే.

"నిండా ఊపిరి తీసుకోండి మేడమ్‌గారూ. నా చెయ్యి మీ మాడు మీదే ఉంటది. చాలనిపిస్తే తలెత్తెయ్యండి, నేనేం పట్టి ఉంచనండి" అంది లోవలక్ష్మి.

సూర్యకళ గుండెలు నిండేలా గాలి పీల్చి, కళ్లు గట్టిగా మూసుకుని, కిందికి జారింది.

ప్రపంచం మూతపడింది. చెవుల్లో ముందు గుయ్‌మని, తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో దూరంగా డోలు మోగుతోంది. అది తన గుండేనని కాసేపటికి గుర్తుపట్టింది. కళ్లు తెరిచింది. డ్రమ్ము గోడల్లోంచి ఎండ దిగి, చుట్టూ నీలం. లోపలంతా ఒక చిన్న ఆకాశాన్ని చుట్టబెట్టి ఉంచినట్టు. వెంట్రుకలు విడిపోయి మొహం ముందు మెల్లగా ఊగుతున్నాయి, అవి తనవి కానట్టు. అన్నిటికంటే వింత ఏమిటంటే, అడుగున కూర్చుందామంటే కూర్చోలేకపోతోంది. నీళ్లు ఆమెను నెమ్మదిగా, మర్యాదగా, పైకి తోస్తున్నాయి. ఇన్నేళ్లూ నీళ్లు కిందికి లాగుతాయనే అనుకుంది. అవి ఎత్తుతున్నాయి. అడుగున నిలవాలంటే తనే అంచులు పట్టుకుని నొక్కుకోవాలి.

పైకి వచ్చి ఊపిరి వదిలేసరికి హారతి చప్పట్లు కొడుతోంది.

ఈసారి అరవై మూడున్నర లీటర్లు పట్టాయి. అరవై రెండును అరవై మూడున్నరతో భాగిస్తే సున్నా పాయింటు తొమ్మిది ఏడు, ఇంకా కాస్త.

"తేలతారు మేడం!" అని అరిచింది హారతి. మళ్లీ అంతలోనే ఆలోచనలో పడి, "ఊపిరి వదిలేసి మునిగితే మేడం?" అంది.

అదీ చూశారు. గాలంతా వదిలేసి దిగితే సూర్యకళ చక్కగా అడుక్కి వెళ్లి కూర్చుంది. మళ్లీ నింపితే అరవైన్నర. లెక్క చేస్తే ఒకటి పాయింటు సున్నా రెండు, పైన కాస్త.

తడిజుట్టు భుజాల మీద వేసుకుని, దడి పక్కన ఎండలో కూర్చుని, సూర్యకళ ఆ రెండు అంకెల వంకా చాలాసేపు చూసింది. ఒకదానితో తేలుతుంది, ఇంకోదానితో మునుగుతుంది. మధ్యలో మూడు లీటర్ల గాలి. అంటే ఒక ఊపిరి. అటా ఇటా అంటే అటూ కాదు, ఇటూ కాదు. ఊపిరి ఎటుంటే అటు.

"ఊపిరి పట్టి నీళ్ల మీద పడుకున్నానే అనుకోండి, నాలో లీటరున్నర మాత్రం పైన ఉంటుంది. అరవై రెండు నీళ్లలో, లీటరున్నర గాలిలో" అంది తనలో తను అనుకున్నట్టు.

"లీటరున్నర అంటే ఏమాత్రం ఉంటదండి?" అంది లోవలక్ష్మి.

సూర్యకళ రెండు చేతులూ మొహానికి ఆనించుకుంది. "ఇంత. ఒక మొహమంత."

"మరి ఇంకేం కావాలండీ మనిషికి?" అని లోవలక్ష్మి లేచి డ్రమ్ము వంచేసింది.

లంకకు తూర్పున ఒక సన్నటి పాయ ఉంది. ఆ రోజుల్లో నడుము లోతుకు మించదు, వడి ఉండదు, అడుగున మెత్తటి ఇసక. మాఘమాసం సాయంత్రాల్లో, బడి అయ్యాక, లోవలక్ష్మి ఆమెను అక్కడ దింపింది. మొదటి రోజు మోకాళ్ల దాకా. తర్వాత నడుము దాకా. ఆ తర్వాత ఒక రోజు లోవలక్ష్మి తన రెండు అరచేతులూ నీళ్లలో చాచి, "నా చేతుల మీద పడుకోండి. పసిపిల్ల పడుకున్నట్టు" అంది.

సూర్యకళ వెనక్కి వాలింది. మెడ బిగుసుకుంది, కాళ్లు కిందికి దిగిపోయాయి, నీళ్లు ముక్కులోకి పోయాయి, దగ్గింది, లేచి నిలబడింది. మళ్లీ వాలింది. ఎన్నిసార్లు అలా జరిగిందో. ఒకసారి మాత్రం, ఊపిరి నిండుగా తీసుకున్నాక, మెడ తనంతట తనే వదులైంది. చెవులు నీళ్లలోకి దిగాయి. లంక మీద కాకుల అరుపులు, పడవ ఇంజిన్లు, లోవలక్ష్మి గొంతు, అన్నీ ఒక్కసారిగా పక్కగదిలోకి వెళ్లిపోయాయి. నీటి లోపలి చప్పుళ్లు మొదలయ్యాయి. ఇసక రేణువులు దొర్లే సన్నటి గలగల. ఎక్కడో తెడ్డు తగిలిన చప్పుడు, రేవు నుంచో, ఇంకా పైనుంచో, నీళ్ల వెంటే నడిచి వచ్చినట్టు. పైన ఆకాశం. ఒక కొంగ అడ్డంగా దాటింది. ఆకాశం కదులుతోందో, తనే కదులుతోందో తెలియలేదు. వీపు కింద అరచేతులు హాయిగా ఉన్నాయి.

కాసేపటికి తల తిప్పి చూస్తే లోవలక్ష్మి దూరంగా, ఒడ్డున కూర్చుని, జుట్టు ఆరబెట్టుకుంటోంది.

ఆ సంగతి ఇంట్లో చెప్పే ధైర్యం సూర్యకళకు లేకపోయింది. జుట్టు ఆరబెట్టుకుని, జడ వేసుకుని, ఎప్పటిలాగే ఇల్లు చేరేది. కానీ ఒక సాయంత్రం కాఫీ ఇస్తూ శ్యామలాంబ ఆమె వెనకే ఆగిపోయింది. వంగి, కూతురి మాడు మీద ముక్కు ఆనించి, గట్టిగా వాసన చూసింది.

"ఒండ్రు వాసన" అంది.

సూర్యకళ చేతిలో కాఫీ ఒలికింది.

"ఇది మీద చల్లుకున్న వాసన కాదే. మునిగిన వాసన. తల లోపలి దాకా పట్టిన వాసన. నాకు తెలీదనుకున్నావా?"

కోప్పడుతుందనుకుంది సూర్యకళ. ఏడుస్తుందనుకుంది. జలగండం మాట ఎత్తుతుందనుకుని, డ్రమ్ము సంగతీ, లెక్క సంగతీ, ఊపిరి సంగతీ గబగబా చెప్పుకుపోయింది. తల్లి అంతా విని, ఖాళీ గ్లాసు తీసుకుని, "రేపు నేనూ వస్తా" అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు రెండో శనివారం. బడి లేదు. స్కూటీ వెనక కూర్చుని రేవుకు వచ్చిన శ్యామలాంబను చూసి అబ్బులు చెయ్యి అందించబోయాడు. ఆవిడ అందుకోలేదు. చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, పడవ మధ్యలో అడుగు వేసి, అది ఊగినప్పుడు దానితో పాటే ఊగి, అంచున కూర్చుంది. ఎనభైకి దగ్గర పడుతున్న మనిషి. అబ్బులు నోరు తెరుచుకుని చూశాడు. నది దాటుతున్నంతసేపూ ఆవిడ చేతులు ఒళ్లోనే ముడుచుకుని ఉన్నాయి. నీళ్లు చేతికి అందేంత దగ్గరలో పోతున్నా ఒక వేలైనా చాచలేదు.

పాయ ఒడ్డున లోవలక్ష్మి చాప పరిచింది. శ్యామలాంబ కూర్చుంది. "ఏదీ, చూపించు" అంది కూతురితో.

సూర్యకళ దిగింది. నడుము లోతులో నిలబడి, తల్లి వంక ఒకసారి చూసి, ఊపిరి తీసుకుని వాలింది. నీళ్లు ఆమెను అందుకున్నాయి. చెవులు మునిగాక ఒడ్డున ఏం జరుగుతోందో తెలియలేదు. కళ్ల మీద ఎండ, చెక్కిళ్లను నీళ్లు తడుతున్నాయి. ఎంతసేపో అలా ఉండి, లేచి నిలబడి చూసేసరికి, తల్లి కళ్లు తడిగా ఉన్నాయి, పెదాలు నవ్వుతున్నాయి.

"కాళ్లు దించేస్తున్నావు. నడుము ఎత్తి పెట్టాలి" అంది శ్యామలాంబ.

సూర్యకళ కళ్ల మీది నీళ్లు తుడుచుకుని తల్లి వంక చూసింది.

"అదిగో, ఆ ఏటిగట్టు వెనక కొబ్బరిచెట్లు కనపడుతున్నాయే, అదే మీ అమ్మమ్మ వాళ్ల ఊరు. నీళ్ల పక్కనని నిన్నెప్పుడూ తీసుకురాలేదు. అక్కడి నుంచి ఈ లంకకి ఈదుకుంటూ వచ్చేవాళ్లం, మొగలిపూల కోసం. పూలు కొప్పులో పెట్టుకుని, కొప్పు తడవకుండా వెనక్కి ఈదేవాళ్లం. ఎవరి పువ్వు తడిస్తే వాళ్లు ఓడినట్టు. నా పువ్వు ఎన్నడూ తడవలేదు."

"అమ్మా! నువ్వా?"

"నేనే."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

శ్యామలాంబ చాప పుల్ల ఒకటి గిల్లింది. "ఇచ్చేసినదాన్ని చెప్పుకోకూడదే. సిద్ధాంతిగారు ఆ మాట అన్న మర్నాడు, పుట్టింట్లో ఉన్న పచ్చిబాలింతని, ఎవరికీ చెప్పకుండా రేవుకి వచ్చా. మోకాలి లోతులో నిలబడి, 'తల్లీ, నా దగ్గర నీకివ్వదగ్గది ఇదొక్కటే ఉంది. నా ఈత నువ్వు తీసేసుకో. నా పిల్ల జోలికి మాత్రం రాకు' అని మొక్కుకున్నా. అంతే. మళ్లీ పాదం పెట్టలేదు."

పాయలో నీళ్లు మెల్లగా పోతున్నాయి. సూర్యకళ నడుము లోతులోనే నిలబడి ఉంది. పుష్కరాల్లో నెత్తిన చల్లుకున్న చుక్కలు, వంతెన మీద తన చేతిని బిగించి పట్టుకున్న చెయ్యి, కాలువలో పిల్లలు ఈదుతుంటే వాళ్ల వైపు చూడకుండా ఎటో చూసే తల్లి మొహం. ఆ మొహంలో ఉన్నది భయమనే అనుకుంది ఇన్నాళ్లూ. కాదు, బెంగ.

"ఇంకా ఎందుకమ్మా ఆ మొక్కు? చూశావుగా. గోదారి నన్ను ఎత్తుకుంటోంది."

"మొక్కు మొక్కే కదే. ఇచ్చింది వెనక్కి తీసుకుంటామా?"

అప్పుడు లోవలక్ష్మి మెల్లగా అంది. "తలనీలాలు ఇస్తాం కదండీ అమ్మగారూ దేవుడికి? ఇచ్చాక జుట్టు మళ్లీ వస్తది. వచ్చిందని ఆయన కోప్పడతాడాండీ? ఇచ్చింది ఆయనకి అందినట్టే, వచ్చింది మనదేనండి."

శ్యామలాంబ ఆమె వైపు తిరిగింది. తర్వాత నవ్వింది. పళ్లు లేని చోట్లు కూడా కనపడేంత నవ్వు. లేచి, చీర మోకాళ్ల పైకి ఎగదోపి, నీళ్ల అంచున ఆగింది. వంగి దోసిట్లో నీళ్లు తీసుకుని, కళ్లకద్దుకుని, నదిలోనే వదిలేసింది. ఏదో గొణిగింది. అనుమతి అడిగిందో, కబురు చెప్పిందో. పాదం పెట్టింది. పాదం చుట్టూ ఇసక చిన్నగా పొగలా లేచి సర్దుకుంది.

సూర్యకళ పరుగెత్తుకు వెళ్లి చెయ్యి పట్టుకోబోయింది. "వద్దు, వదులు" అంది తల్లి. నడుము లోతు దాకా ఒక్కతే నడిచింది. నీళ్లతో మాట్లాడుతున్నట్టు రెండు చేతులూ అటూ ఇటూ కదిపింది. తర్వాత వెనక్కి వాలింది. తడబాటు లేదు, చప్పుడు లేదు. తెల్లటి జుట్టు నీళ్లలో విచ్చుకుంది. చీర కొంగు పక్కన ఆకులా పరుచుకుంది. సన్నటి ఒళ్లు, ముడతల చేతులు, అన్నీ నీటి మీద తేలికగా నిలబడ్డాయి. కళ్లు మూసుకుంది. ఎవరి లెక్కా లేకుండానే.

సూర్యకళ ఆమె పక్కనే, నీళ్లు చెదరకుండా అడుగులో అడుగు వేస్తూ నడిచింది. తన అరచెయ్యి తల్లి వీపు కింద, తగలకుండా, జానెడు దూరంలో పెట్టింది. ఇప్పుడు భయం ఆమెకు పట్టుకుంది. ఆ ఛాతీ పైకి లేస్తోందా, దిగుతోందా, ఊపిరి నిండుగా ఉందా అని చూస్తూనే ఉంది. ఒక జీవితమంతా ఇలా చూస్తూ ఉండడం ఎలా ఉంటుందో ఆమెకు ఆ కొద్ది నిమిషాల్లోనే తెలిసింది.

ఎండ వాలింది. కొబ్బరిచెట్ల నీడలు పాయ సగానికి వచ్చాయి. రేవులో అబ్బులు కూత వేసి పిలిచాడు, పడవ బయల్దేరుతుందని. లోవలక్ష్మి వెళ్లి ఏం చెప్పిందో, ఇంజిను ఆపేసి అతను కూడా వచ్చి ఒడ్డున గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా" అని పిలిచింది సూర్యకళ. చెవులు నీళ్లలో ఉన్నాయి, వినపడలేదు. ఇంకొంచెం వంగి మళ్లీ పిలిచింది. "అమ్మా, వెళ్దామా?"

శ్యామలాంబ కళ్లు తెరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

"ఇంకాసేపు" అంది.